పుట్టకొక్కులో సీసం పోసిందెవరు?

తొలకరి పడి, ఉరుములు ఉరిమి, కాలవ గట్లు మెత్తబడ్డాయంటే పల్లెల్లో ఆడవాళ్ల చూపు నేల మీదే ఉంటుంది. పుట్టల పక్కన, తాటిమొద్దుల కింద, తడిసి మాగిన గడ్డివాముల అడుగున పుట్టకొక్కులు లేస్తాయి. ఊడుపు కూలికి పోయిన తల్లి తిరిగొచ్చేటప్పుడు కొంగున నాలుగు గుప్పెళ్లు కట్టుకొస్తుంది. ఆ పూటకి అదే కూర. ఆసామిని అడగక్కర్లేదు, కొట్లో అప్పు పెట్టక్కర్లేదు. సెంటు భూమి లేనివాళ్లకి భూమి పెట్టే తిండి అది. నత్తలు, పీతలు, కాలవ చేపలు, పొన్నగంటాకు - ఇవన్నీ ఆ లెక్కలోవే.

ఆ కూరలోకి సీసం, కాడ్మియం, ఆర్సెనిక్, పాదరసం చేరడానికి కృష్ణా డెల్టాలో ఎన్ని దారులున్నాయో, ఆ దారులు వేసిందెవరో ఈసారి చెప్పుకుందాం. తినడం మానెయ్యమని చెప్పడానికి కాదు. మన తిండిలో ఏం కలుస్తుందో తెలుసుకునే హక్కు మనకుంది గనక.

పుట్టకొక్కుకి కూడా కులం అంటగట్టారు. మనుస్మృతి అయిదో అధ్యాయంలో ద్విజులు తినకూడని వాటి జాబితా ఉంది. వెల్లుల్లి, ఉల్లిపాయలతో పాటు పుట్టకొక్కులూ అందులో ఉన్నాయి. మురికిలో పుట్టినవన్నీ తినరానివే అంది మనువు. ఏది మురికో, ఎవరు మురికో తేల్చే పెత్తనం తన చేతిలోనే పెట్టుకున్నాడు. 1927 డిసెంబరు 25న మహద్‌లో అంబేద్కర్ నాయకత్వంలో ఆ పుస్తకాన్ని తగలబెట్టారు. అదే ఏడు మార్చి 20న అదే మహద్‌లో చౌదార్ చెరువు నీళ్లు తాగారు. నీళ్ల మీదా తిండి మీదా హక్కు లేనివాడికి ఇంక ఏ హక్కూ నిలవదని ఆ రెండు రోజులూ మనకి నేర్పాయి.

ఇప్పుడు బెజవాడ హోటళ్లలో మష్రూమ్ బిర్యానీ, మష్రూమ్ మంచూరియా లేని చోటు లేదు. మనువు వద్దన్న కూర పెద్దల బల్ల మీదికి ఎక్కింది. సంతోషమే. కానీ గట్టున పీక్కుని తినేవాళ్లు మారలేదు. మురుగు పక్కన ఇళ్లేసుకుని బతికేవాళ్లూ మారలేదు. మనువు ఉత్తపుణ్యానికి మురికి అన్న దాంట్లో ఈ యాభై అరవై ఏళ్లలో నిజంగానే మురికి పోశారు. పోసింది మాత్రం మనం కాదు.

పుట్టకొక్కు మొక్క కాదు. దానికి ఆకు లేదు, పచ్చదనం లేదు, ఎండ సాయంతో తిండి తయారు చేసుకోలేదు. నేల లోపల, గడ్డి లోపల తెల్లటి దారాల్లా అల్లుకుపోయి, చచ్చినదాన్నీ కుళ్లినదాన్నీ కరిగించి పీల్చుకుని బతుకుతుంది. మనకి పైకి కనపడే గొడుగు దాని కాయ లాంటిది. ఆ దారాలు చాలా మేర నేలని జల్లెడ పడతాయి. జింకు, రాగి దానికి కొద్దిగా కావాలి. వాటిని పీల్చేటప్పుడే, నేలలో ఉంటే కాడ్మియం, పాదరసం, సీసం, ఆర్సెనిక్ కూడా లోపలికొస్తాయి. వచ్చినవాటిని అది తన లోపల కట్టేసి దాచుకుంటుంది. అందుకే దానికేం కాదు. బాగా తెల్లగా, బొద్దుగానే ఎదుగుతుంది. కీడు దాన్ని తిన్నవాళ్లకి.

అన్ని జాతులూ ఒకే మోతాదులో పీల్చవు. బటన్ పుట్టగొడుగు కుటుంబంలో అడవిలో పెరిగేవి కొన్ని కాడ్మియాన్నీ పాదరసాన్నీ నేలలో ఉన్నదానికన్నా ఎన్నో రెట్లు పోగేసుకుంటాయి. యూరప్‌లో లోహాలు కరిగించే ఫ్యాక్టరీల చుట్టుపక్కల, రోడ్ల పక్కన ఏరిన పుట్టగొడుగుల మీద దశాబ్దాలుగా పరీక్షలు జరిగాయి. చెక్ దేశపు శాస్త్రవేత్త పావెల్ కలాచ్ లాంటివాళ్లు ఆ లెక్కలన్నీ ఒకచోట చేర్చారు. 1986లో చెర్నోబిల్ అణు కేంద్రం పేలిన తర్వాత ఆ అణుధూళి కూడా యూరప్ అడవుల్లో పుట్టగొడుగుల్లోకి ఎక్కింది. నేల మీద ఏం చల్లితే అది పుట్టగొడుగులో తేలుతుంది. దీంట్లో అనుమానం లేదు.

ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. లోహాలతో చెడిపోయిన నేలని బాగు చెయ్యడానికి ఇదే పుట్టగొడుగుల్ని వాడొచ్చని శాస్త్రవేత్తలు ప్రయోగాలు చేస్తున్నారు. అంటే అది నేలని ఊడ్చే చీపురు. ఊరి చెత్త ఊడ్చే పని, డ్రైనేజీ గుంటలోకి దిగే పని, చచ్చిన గొడ్డుని లాగే పని ఎవరి మెడకి కట్టారో మనకి తెలుసు. నేలని ఊడ్చే పని పుట్టకొక్కుది. ఊడ్చిన చీపురు తెచ్చి ఎవరి కంచంలో పెడుతున్నారు? ఊరిని ఊడ్చేవాళ్ల కంచంలోనే గదా!

ఇప్పుడు మన డెల్టాలో లోహం నేలకి చేరే దారులు చూద్దాం.

1855లో ఆనకట్ట కట్టినప్పటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, డెల్టా బతుకంతా కాలవల మీదే. ఏలూరు కాలవ, బందరు కాలవ, రైవస్ కాలవ - మూడూ బెజవాడ ఊరి మధ్య నుంచే పోతాయి. ఊరి మురుగు వాటిలో కలుస్తుంది. కింద పల్లెల్లో పొలం పారేదీ ఆ నీళ్లే, మంచినీళ్ల చెరువు నింపేదీ ఆ నీళ్లే. బుడమేరు సంగతి వేరే చెప్పక్కర్లేదు. బెజవాడ మురుగుని మోసుకుపోయి కొల్లేట్లో కలుపుతుంది. 2024 సెప్టెంబరులో అదే బుడమేరు పొంగి సింగ్ నగర్, చుట్టుపక్కల పేటల్ని రోజుల తరబడి ముంచింది. నీళ్లు తీశాక మిగిలిన బురదలో ఏముందో పరీక్ష చేసిన కాగితం ఎవరైనా మీ వీధికి తెచ్చి చూపించారా?

ఆటోనగర్ ఉంది. అరవయ్యో దశకం నుంచీ లారీలు విప్పీ బిగించీ బతికే చోటు. పాత బ్యాటరీ పగలగొట్టినా, రేడియేటరుకి మాటు వేసినా, పాత రంగు గీకినా సీసం రాలుతుంది. ఆ సీసం ముందు పనిచేసే కుర్రాళ్ల చేతులకీ ఊపిరితిత్తులకీ అంటుకుంటుంది. వాళ్లెవరు? మన పిల్లలు, ముస్లిం పిల్లలు, వెనకబడిన కులాల పిల్లలు. తర్వాత వానకి కొట్టుకుపోయి మురుగులో కలుస్తుంది.

మద్రాసు-కలకత్తా రోడ్డూ, హైదరాబాదు-బందరు రోడ్డూ కలిసేది బెజవాడలోనే. మన దేశంలో 2000 సంవత్సరం దాకా పెట్రోలులో సీసం కలిపారు. తర్వాత ఆపారు. కానీ సీసం కర్పూరం కాదు, హరించుకుపోదు. దశాబ్దాల పాటు రోడ్డు పక్క మట్టిలో పడింది చాలావరకు అక్కడే ఉంటుంది. ఆ రోడ్డు మార్జిన్లోనే గుడిసెలు. ఆ మార్జిన్లోనే తొలకరికి పుట్టకొక్కులు.

ఇబ్రహీంపట్నంలో 1979లో మొదలైన థర్మల్ కేంద్రం ఉంది. ఒకప్పుడు విజయవాడ థర్మల్ అనేవాళ్లం, ఇప్పుడు నార్ల తాతారావు పేరు పెట్టారు. మన దేశపు బొగ్గులో వందకి 30, 40 పాళ్లు బూడిదే. బొగ్గులో ఉన్న ఆర్సెనిక్, సీసం, క్రోమియం ఆ బూడిదలో మిగులుతాయి. పాదరసం ఎక్కువ భాగం పొగలో పైకి పోయి మళ్లీ నేలకే దిగుతుంది. బూడిదంతా నూటికి నూరుపాళ్లు వాడి తీరాలని, లేకపోతే పరిహారం కట్టాలని కేంద్రం 2021 డిసెంబరు 31న ఉత్తర్వు ఇచ్చింది. బూడిద తోలే కాంట్రాక్టు కోసం నాయకులు పోట్లాడుకుంటారు. ఆ బూడిద పడే నేల కోసం, దాన్ని పీల్చే జనం కోసం పోట్లాడే నాయకుడు ఏడీ?

ఇంకొకటి పొలంలోనే ఉంది. ఫాస్ఫేటు ఎరువు తయారుచేసే రాయిలో కాడ్మియం ఉంటుంది. ఎరువుతో పాటు అదీ పొలంలో పడుతుంది. వరి దాన్ని పీలుస్తుంది. గింజలో కన్నా గడ్డిలోనే ఎక్కువ దాచుకుంటుంది. గింజ మిల్లుకి పోతుంది. గడ్డి గేదెకీ, పుట్టగొడుగుల బెడ్డుకీ పోతుంది.

బెడ్డు మాట ఎందుకెత్తామంటే, పుట్టగొడుగులు ఇప్పుడు ఏరుకునే కూర మాత్రమే కాదు, పథకం కూడా. భూమి లేని ఆడవాళ్లు ఇంటి మూలన, చిన్న పాకలో చేసుకోగలిగిన పని అని శిక్షణలిస్తారు. వరిగడ్డి నానబెట్టి, ఉడికించి, ప్లాస్టిక్ సంచుల్లో స్పాన్ వేసి కూరితే రెండు మూడు వారాల్లో తెల్లగా అల్లుకుంటుంది, తర్వాత ముత్యపు చిప్ప పుట్టగొడుగులు విచ్చుకుంటాయి. మంచి పనే. మాంసకృత్తులున్న తిండి, చేతిలో నాలుగు రూపాయలు. మేం కాదనం. కానీ శిక్షణలో తేమ ఎంతుండాలో చెప్తారు, వేడి ఎంతుండాలో చెప్తారు, బ్యాంకు కాగితాలు ఎట్లా నింపాలో చెప్తారు. గడ్డి ఏ పొలానిదని అడుగుతారా? నీళ్లు ఏ కాలవవని అడుగుతారా? మురుగునీళ్లు పారిన పొలం గడ్డి చవగ్గా దొరుకుతుంది. చవగ్గా దొరికేదే పేదవాళ్లు కొంటారు. రేపు ఎవరైనా పరీక్ష చేసి సీసం ఉందని తేలిస్తే సరుకు ఎవరిది పారబోస్తారు? అప్పు ఎవరి నెత్తిన మిగులుతుంది? ఎరువు కంపెనీదా, థర్మల్‌దా, మున్సిపాలిటీదా? డ్వాక్రా సంఘంలో ఉన్న మాల మాదిగ ఆడమనిషిది.

"ఇన్నేళ్లుగా తింటున్నాం, ఏమైంది?" అని మనవాళ్లే అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు చెప్పాలి.

విషపు పుట్టకొక్కు వేరు, లోహం పట్టిన మంచి పుట్టకొక్కు వేరు. విషపుది తింటే గంటల్లోనో ఒక రోజులోనో వాంతులు, విరోచనాలు, కొన్ని జాతులైతే కాలేయం చెడి చావు. అది అందరికీ కనపడుతుంది. లోహం అట్లా కాదు. ఒక్క పూట తింటే ఎవరూ చావరు. రంగు మారదు, వాసన రాదు, రుచి తేడా ఉండదు. వెండి చెంచా నల్లబడుతుందనీ, వెల్లుల్లి రంగు మారుతుందనీ చెప్పే పరీక్షలు విషానికే పనికిరావు, లోహానికి అసలే పనికిరావు. కాడ్మియం మూత్రపిండాల్లో చేరితే అందులో సగం బయటికి పోవడానికి పదేళ్ల నుంచి ముప్పై ఏళ్లు పడుతుంది. మూత్రపిండం చెడుతుంది, ఎముకలు గుల్లబారతాయి. సీసం పిల్లల మెదడుని తింటుంది. చదువు ఎక్కదు. మేష్టరు "వీళ్లకి చదువు రాదు" అంటాడు. సీసం ఇంత వరకు పర్వాలేదు అనే హద్దే లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది.

అందరి ఒంట్లోకీ ఒకేలా ఎక్కదు కూడా. ఒంట్లో ఇనుము తక్కువైనవాళ్ల పేగులు కాడ్మియాన్నీ సీసాన్నీ ఎక్కువగా పీల్చుకుంటాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో వందకి 58 మందికి పైగా రక్తం తక్కువ. ఒకే కూర ఇద్దరు తింటే, రక్తం లేని కూలి మనిషి ఒంట్లోనే లోహం ఎక్కువ నిలుస్తుంది. ఆకలి కూడా విషానికి సాయం చేస్తుందన్నమాట.

లెక్క కూడా చూద్దాం. ఒక మనిషి నెలకి తన బరువులో కిలోకి 25 మైక్రోగ్రాములకి మించి కాడ్మియం తినకూడదని 2010లో అంతర్జాతీయ నిపుణుల సంఘం చెప్పింది. నలభై కిలోల బరువున్న మనిషికి నెల మొత్తానికి ఒక మిల్లీగ్రాము. అన్నం, ఆకుకూర, చేప అన్నీ కలిపి. యూరప్ దేశాలు 2006లో సాగు పుట్టగొడుగులకి కిలోకి 0.2 మిల్లీగ్రాములు దాటకూడదని రాసుకున్నాయి. మన దేశంలో 2011లో తెచ్చిన నియమాల్లో ఆహారాలన్నిటికీ మొత్తంగా 1.5 అని రాశారు. ఏడున్నర రెట్లు! ఆ తర్వాత సవరణలు వచ్చాయి. కాగితం మీద అంకె తగ్గితే చాలదు, ఆ అంకె పట్టుకుని రైతుబజారుకీ పల్లెకీ పరీక్ష రావాలి.

జపాన్‌లో జింజూ నది ఒడ్డున ఇట్లాగే జరిగింది. పైన జింకు గని, కింద వరిపొలాలు. గని వదిలిన కాడ్మియం కాలవ నీళ్లతో పొలంలోకి, పొలం నుంచి అన్నంలోకి వచ్చింది. ఎక్కువ కాన్పులైన, వయసు మళ్లిన పల్లెటూరి ఆడవాళ్లకి ఎముకలు విరిగిపోయేంత నొప్పులు. "ఇతై ఇతై" - అబ్బా నొప్పి, అబ్బా నొప్పి - అదే ఆ రోగం పేరైంది. అది కాలుష్యం వల్ల వచ్చిన జబ్బేనని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. జనం కోర్టుకెక్కి 1971లోనూ, అప్పీలులో 1972లోనూ గెలిచారు. చెడిన పొలాల మట్టి మార్చడం పూర్తయ్యేటప్పటికి 2012 వచ్చింది. నది, కాలవ, వరి, ఆడవాళ్లు - వాళ్ల కథలో ఉన్నవన్నీ మన దగ్గరా ఉన్నాయి.

అంత దూరం ఎందుకు, ఏలూరు చూడండి. 2020 డిసెంబరు మొదటి వారంలో ఉన్నట్టుండి జనం మూర్ఛలతో పడిపోయారు. నురగలు కక్కారు. వందల మంది ఆసుపత్రిలో చేరారు, పిల్లలు కూడా. ఢిల్లీ ఎయిమ్స్ రక్తపరీక్షల్లో సీసం, నికెల్ కనపడ్డాయి. తర్వాత వచ్చిన సంస్థలు పురుగుమందుల మీద వేలు పెట్టాయి. సీసమో పురుగుమందో, రెండూ వచ్చేది నీళ్లలోంచీ కూరల్లోంచే. నాలుగు రోజులు మంత్రులు తిరిగారు, టీవీలు తిరిగాయి. తర్వాత అందరూ వెళ్లిపోయారు.

1985 జూలైలో కారంచేడులో గొడవ మొదలైంది ఎక్కడ? మాదిగపల్లె మంచినీళ్ల చెరువు దగ్గర. తాగే నీళ్లని గేదెల బకెట్లతో పాడు చెయ్యొద్దన్నందుకు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు నిలబడింది. మర్నాడు, 17న, పల్లె మీద పడ్డారు. ఆరుగురి ప్రాణాలు పోయాయి. ఆ రోజు నీళ్లు పాడు చేసిన చెయ్యి కనపడింది, అడ్డుకోవడానికి బిందె ఉంది. ఇవాళ బకెట్టు పోయి పైపు వచ్చింది. పైపు వెనక చెయ్యి కనపడదు. కనపడని చేతిని చూపించడమే ఇప్పటి పని.

మన జాగ్రత్త మనం పడదాం. హైవే మార్జిన్లో, బూడిద పడే చోట, మురుగు డ్రెయిను గట్టున, డంపింగ్ యార్డు పక్కన మొలిచినవి ఏరొద్దు. ఎరగని రకం ముట్టుకోనే వద్దు. బాగా కడిగితే పైనున్న దుమ్మూ బూడిదా పోతాయి, లోపల పట్టిన లోహం పోదు. ఉడికించి నీళ్లు వంపేస్తే కొంత తగ్గుతుంది, అంతే. ఎండబెడితే పది కిలోలు కిలో అవుతాయి, లోహం మాత్రం అంతే మిగులుతుంది. బెడ్లు పెట్టేవాళ్లు మురుగునీళ్లు పారని పొలం గడ్డే అడిగి తెచ్చుకోండి. ఆటోనగర్లో దొరికే పాత రంగుల డబ్బాల్లో, రసాయనాల డ్రమ్ముల్లో గడ్డి నానబెట్టొద్దు. మంచి గడ్డి, మంచి నీళ్లతో పెంచిన పుట్టగొడుగు మంచి తిండే. ధైర్యంగా తినండి, ధైర్యంగా అమ్మండి.

కానీ జాగ్రత్త పడమని మనకి చెప్పి చేతులు దులుపుకుంటామంటే కుదరదు. అడగాల్సినవి ఇవి.

ఒకటి, పుట్టగొడుగుల శిక్షణ ఇచ్చే ప్రతి చోటా ముందు గడ్డికీ నీళ్లకీ ప్రభుత్వ ఖర్చుతో లోహాల పరీక్ష చెయ్యాలి. సరుకు చెడ్డదని తేలితే అప్పు మాఫీ చెయ్యాలి.

రెండు, హైదరాబాదులో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, మనకి కాలుష్య నియంత్రణ మండలి ఉంది. ఇబ్రహీంపట్నం నుంచి కొల్లేరు దాకా మట్టి, కాలవ నీళ్లు, గడ్డి, పుట్టకొక్కులు, నత్తలు, చేపలు - పేదలు తినేవి - పరీక్ష చేసి ఫలితం తెలుగులో పంచాయతీ గోడ మీద, పల్లెలో అతికించాలి.

మూడు, బూడిదకీ మురుగుకీ బాధ్యులైనవాళ్లే ఖర్చు భరించాలి. ఆటోనగర్ కార్మికుల రక్తంలో సీసం ఎంతుందో ఉచితంగా చూడాలి.

ఇవి అడగడానికి చట్టాలున్నాయి. 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య మండలి దగ్గరున్న పరీక్షల కాగితాలు అడగొచ్చు. పేదరిక రేఖకి దిగువనున్నవాళ్లకి రుసుం లేదు. 2006 ఆహార భద్రత చట్టం 40వ సెక్షను కింద కొన్న సరుకుని ఎవరైనా డబ్బు కట్టి పరీక్ష చేయించుకోవచ్చు. ప్రతి సంఘం ఒక్క అర్జీ పెట్టండి. వచ్చిన జవాబు పల్లెలో అందరికీ చదివి వినిపించండి. జవాబు రాకపోతే అదీ చెప్పండి.

తొలకరి మళ్లీ వస్తుంది. పుట్టకొక్కులు మళ్లీ లేస్తాయి. వాటిని ఏరుకుని తినే హక్కు మనది. వాటిలో ఏం కలిపారో చెప్పాల్సిన బాధ్యత కలిపినవాళ్లది.